వికాస పురుషుడు

బొమ్మల దుకాణంలో ఆయన్ని ఇట్టే గుర్తుపట్టొచ్చు. మిగతా నాన్నలు బొమ్మని చేత్తో పట్టుకుని ఊపి చూస్తారు, పొట్ట నొక్కి చూస్తారు, కుయ్యిమంటే నవ్వుతారు, ధర చూసి నవ్వు ఆపేస్తారు. ఈయన బొమ్మ మొహమే చూడడు. అట్టపెట్టెని వెనక్కి తిప్పి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, మందుసీసా మీద గడువు తేదీ వెతికినట్టు చిన్న అక్షరాలు చదువుతాడు. లోపల ఉన్నది ఏనుగా ఎలకా అన్నది ఆయనకి అనవసరం. దానివల్ల ఏ వికాసం కలుగుతుందో తేలాలి. మేధావికాసమా, భాషావికాసమా, చేతివేళ్ళ వికాసమా? ఏమీ రాసి లేకపోతే ఆ బొమ్మని అంటరానిదాన్ని చూసినట్టు చూసి అరలో పెట్టేస్తాడు.

ఈ జాతికి నేను వికాస పురుషుడని పేరు పెట్టుకున్నాను. కూకట్‌పల్లి అపార్టుమెంట్లలో అంతస్తుకొకరు చొప్పున ఉన్నారు. నాకు బాగా దగ్గర నుంచి చూసే భాగ్యం కలిగిన నమూనా మా బావ.

బావ స్వతహాగా మంచివాడు. ఎలమంచిలి దగ్గర పల్లెటూళ్ళో పాత సైకిలు టైరుని పుల్లతో కొట్టుకుంటూ పెరిగాడు. ఆ టైరు వల్ల తనకే వికాసం కలిగిందో ఎప్పుడూ ఆలోచించలేదు. టైరుకి అట్టపెట్టె లేదు మరి. తర్వాత హాస్టలు, కోచింగు, ర్యాంకు, సాఫ్ట్‌వేరు. ఆటకీ చదువుకీ మధ్య గోడ ఉండేదనీ, ఆ గోడ దూకినందుకు బెత్తం దెబ్బలు తిన్నాననీ ఆయనకి గుర్తు. అందుకే, ఆటే చదువైపోయే వస్తువులు బజార్లో దొరుకుతున్నాయని తెలిసిన రోజున, దేవుడు ప్రత్యక్షమైనట్టు అయిపోయాడు.

ఇది పాప పుట్టాక మొదలైందనుకునేరు. అక్కకి ఐదో నెలప్పుడే మొదలైంది. ఒక సాయంత్రం బావ ఇంటికి రాగానే హెడ్‌ఫోన్సు తీసి అక్క పొట్టకి పెట్టబోయాడు. మోజార్ట్ సంగీతం వింటే మెదడు పదునెక్కుతుందని అమెరికాలో తేల్చారట. అక్క లైబ్రేరియన్. ఆవిడ దగ్గర ఇలాంటివి చెల్లవు. రెండు రోజులు ఊరుకుని మూడో రోజు అన్నం వడ్డిస్తూ చెప్పింది.

"చదివానండీ. 1993లో నేచర్ పత్రికలో వేశారు. వాళ్ళు వినిపించింది కడుపులో బిడ్డలకి కాదు, కాలేజీ పిల్లలకి. 36 మంది. వాళ్ళకైనా ఆ పదును పది పదిహేను నిమిషాలుండి పోయిందట. పావుగంట తెలివి చాలనుకుంటే ఆ హెడ్‌ఫోన్సు మీరే పెట్టుకోండి. ఎప్రైజల్ కూడా దగ్గర పడుతోంది కదా."

బావ పప్పు కలుపుకుని మౌనంగా తిన్నాడు. వికాస పురుషుడి లక్షణం ఇదే: ఓడిపోడు, విభాగం మారతాడు. మర్నాటి నుంచి సంగీతం వదిలేసి కొయ్య మీద పడ్డాడు.

కొయ్య అంటే మాంటిస్సోరి. బావ నిఘంటువులో, రంగు వెలిసినట్టుండి మూడు రెట్లు ధర పలికే కొయ్య వస్తువు ఏదైనా మాంటిస్సోరియే. పాపం ఆ మహాతల్లి 1907లో రోమ్‌లో బీదల పేటలో కూలి జనం పిల్లల కోసం మొదటి బడి పెట్టింది. 1939లో మద్రాసు వచ్చి, అడయారులో ఉండి మన టీచర్లకి పాఠాలు చెప్పింది. ఆవిడ చేయించిన గులాబీ గోపురం అనే సామాను ఎంత సాదాదో! పది కొయ్య ఘనాలు. అన్నిటిదీ ఒకటే రంగు, ఒకటే ఆకారం. చిన్నది ఒక సెంటీమీటరు, పెద్దది పది. కొలత ఒక్కటే మారుతుంది కాబట్టి పిల్ల చూపు కొలత మీదే నిలుస్తుంది. తప్పు పేరిస్తే గోపురం చూడగానే తెలిసిపోతుంది, పక్కన ఎవరూ "తప్పు" అనక్కర్లేదు. అసలు కిటుకంతా ఆ చివరి ముక్కలో ఉంది. బావకి చేతకానిది కూడా అదొక్కటే. పాప నాలుగో ఘనం మీద ఏడోది పెట్టబోతుంటే ఆయన నాలుక మడతపెట్టి, వేళ్ళు ముడుచుకుని, రెండు క్షణాలు పళ్ళు బిగపట్టి, ఇక ఆగలేక, "ఊఁహూఁ, ఇంకోసారి ఆలోచించుకో అమ్మా" అనేస్తాడు. పాప ఆలోచించుకుని గోపురాన్ని ఒక్క తాపు తంతుంది. ఆ తన్నడంలోనే దానికి ఆనందం. బావ ఫోను తీసి "గ్రాస్ మోటార్" అని రాసుకుంటాడు.

ఈ మోటారు సంగతి కొంచెం చెప్పాలి. బావ ఫోనులో ఒక పట్టిక ఉంది. నిలువు వరసలో బొమ్మల పేర్లు, అడ్డ వరసలో వికాసాలు. వేళ్ళతో చేసే పనులన్నీ ఫైన్ మోటార్, కాళ్ళూ చేతులూ ఊపేవన్నీ గ్రాస్ మోటార్. ఒకరోజు హాల్లో కూర్చుని, "ఫైన్ మోటార్ ఈ వారం బాగా వీకుగా ఉంది" అని అక్కతో అంటుంటే వంటింట్లోంచి అత్తయ్యగారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు.

"ఏట్రా, మోటారు మళ్ళీ కాలిపోయిందేటి? మొన్ననే కదరా వైండింగు చేయించారు! పైన టాంకీలో నీళ్ళున్నాయో లేదో, నాను బట్టలు నానబెట్టేసినాను."

"ఆ మోటారు కాదమ్మా. పాప వేళ్ళ సంగతి."

"దాని వేళ్ళకేటి? పొద్దున్న నాతోపాటు చపాతీ పిండి పిసికింది, పాముల్లాగ తిప్పింది, ఉండలు చేసింది. నీ ముక్కు కూడా చేసింది. పోలికలు బాగా వచ్చినాయి."

బావ ఫోను తీసి పట్టికలో వెతికాడు. చపాతీ పిండికి గడి లేదు.

ఇక దుకాణం సంగతి. ఆ రోజు నేనూ వెంట ఉన్నాను కాబట్టి కళ్ళారా చూసిందే చెబుతున్నాను. పాపకి అప్పుడు ఇరవై రెండు నెలలు. బావ చేతిలో అయస్కాంతపు గోళీల పెట్టె ఉంది. గోళీలకి గోళీలు అతుక్కుని రకరకాల ఆకారాలవుతాయి. పెట్టె మీద రేఖాగణితం, భౌతికశాస్త్రం, సృజన అని మూడు వికాసాలు వరసగా రాసి ఉన్నాయి. బావ మొహం పెళ్ళికొడుకు మొహంలా ఉంది. మూలన మాత్రం చిన్న ఎర్ర వృత్తం, అందులో ఒక పసిమొహం, దాని మీద అడ్డంగా గీత. బావ దాన్ని చాలాసేపు చూశాడు. "మీ పాపకి ప్రవేశం లేదు" అని ఎవరో గుమ్మంలో బోర్డు పెట్టినట్టు చూశాడు.

గల్లాపెట్టె దగ్గర పెద్దాయన పెట్టె అందుకుని ఆగాడు. "పాపకెంత వయసు సార్?"

"రెండు నిండలేదు. కానీ మా పాప వయసుకి మించి ఉంటుందండీ. మెదడు ఐదేళ్ళది."

"మెదడుకి ఐదేండ్లు ఉంటె ఉండనియ్యండి సార్," అన్నాడు పెద్దాయన నిమ్మళంగా. "గొంతుకి రెండే కద."

నేను బొమ్మల పుస్తకాలు చూస్తున్నట్టు అటు తిరిగాను. తెలుగునాట శిశు మనస్తత్వం మీద ఇంతకంటే పొందికైన ఉపన్యాసం నేను వినలేదు.

వికాస పురుషుడి మొత్తం అవస్థ బొమ్మలకి వేసే వయసు అంకెలోనే ఉంది. పెట్టె మీద "3+" అని వేస్తే అది ఆయన కంటికి ఎంట్రెన్సు పరీక్షలా కనిపిస్తుంది. రెండేళ్ళ పిల్ల మూడేళ్ళ బొమ్మ ఆడితే ఏడాది ముందున్నట్టు, ఐదేళ్ళది ఆడితే ఆరో తరగతి ఫౌండేషన్ కోర్సులో సీటు ఖాయమైనట్టు. తీరా ఆ అంకె చాలాసార్లు తెలివికి పెట్టింది కానే కాదు, గొంతుకి పెట్టింది. బొమ్మలు పరీక్షించే చోట ఒక చిన్న గొట్టం ఉంటుంది. వెడల్పు మూడు సెంటీమీటర్లకి కాస్త పైన. మూడేళ్ళ లోపు బిడ్డ గొంతుకి అది లెక్క. బొమ్మ ముక్క ఏదైనా అందులో పూర్తిగా మునిగిపోయిందా, ఆ వయసు వాళ్ళకి అది పనికిరాదు. ఇక అయస్కాంతాలైతే మరీ పాడు. రెండు మింగితే పేగుల్లో అటొకటీ ఇటొకటీ చేరి, మధ్యలో పేగుని నొక్కి పట్టుకుని అతుక్కుంటాయి. ఆపరేషను దాకా పోతుంది. గుండీ బ్యాటరీలూ అంతే, మింగితే గంటల్లో గొంతు లోపల కాలుస్తాయి. అందుకే బ్యాటరీ మూతకి స్క్రూ ఉండాలి. బావ పట్టికలో స్క్రూకి వరస లేదు.

గోళీలు కొననందుకు పరిహారంగా బావ ఆ రోజు రూబిక్ క్యూబు కొన్నాడు. దాన్ని 1974లో బుడాపెస్టులో ఎర్నో రూబిక్ అనే వాస్తుశిల్ప పాఠాల మాస్టారు చేశాడు. చేసినాయనకే మొదటిసారి విప్పడానికి నెల పైన పట్టిందంటారు. పాప మాత్రం క్షణంలో విప్పేసింది, రంగు స్టిక్కర్లన్నీ ఊడబెరికి. అవి దాని నోట్లోంచి అత్తయ్యగారు తీశారు. స్టిక్కర్లు లేని ఆ నల్ల క్యూబు ఇప్పుడు బావ ఆఫీసు బల్ల మీద కాగితాలు ఎగరకుండా కాపలా కాస్తోంది.

పుట్టినరోజు పిలుపులకి వికాస పురుషుడు తెచ్చే బహుమతుల గురించి ఎక్కువ చెప్పను. ఏడాది బిడ్డకి మైక్రోస్కోపు ఇచ్చి, నెల తర్వాత లిఫ్టులో ఆ బిడ్డ తండ్రి కనిపిస్తే "ఎంతవరకొచ్చారు?" అని అడిగే మనిషి. మా అపార్టుమెంటులో ఇద్దరు మెట్లెక్కడం అలవాటు చేసుకున్నారు. వాళ్ళకి గ్రాస్ మోటార్ బాగుంది.

పాపకి మూడో ఏడు దగ్గర పడుతుండగా అత్తయ్యగారు ఊరెళ్ళి ఒక గుడ్డ మూట తెచ్చారు. విప్పితే లక్కపిడతలు. పొయ్యి, కడవ, బాన, తిరగలి, రోలు, గిన్నెలు, గరిటెలు. ఏటికొప్పాక సరుకు. వరాహ నది ఒడ్డున, వాళ్ళ ఊరికి పక్కనే. అంకుడు కర్రని యంత్రం మీద తిప్పుతూ చెక్కి, తిరుగుతుండగానే లక్కని ఒత్తి పడతారు. ఆ ఒరిపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. పసుపుపచ్చ, ఎరుపు, ఆకుపచ్చ, అద్దంలా నునుపు. బావ ఒక బానని చేతిలోకి తీసుకుని అలవాటుగా వెనక్కి తిప్పాడు. అక్కడ ఏమీ రాసి లేదు.

"ఇందులో లెర్నింగ్ ఏముంది?" అన్నాడు.

ఎవరూ పలకలేదు. ఆయన రెండో అస్త్రం తీశాడు. "ఐఎస్ఐ గుర్తేదీ? 2021 జనవరి నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లల బొమ్మలకి తప్పనిసరి."

అక్క పుస్తకంలోంచి తలెత్తకుండానే, "భౌగోళిక గుర్తింపు ఉన్న సరుక్కి, నమోదైన కళాకారులు చేస్తే మినహాయింపు ఉందండీ. ఏటికొప్పాకకి 2017లోనే వచ్చింది" అంది.

బావ మూడోదాని కోసం వెతుక్కుంటుండగా అత్తయ్యగారు మూటలోంచి చిన్న చిన్న మూతలూ, వేలెడంత గరిటెలూ ఏరి కొంగున ముడి వేసుకున్నారు. "ఇవి మింగీసే సైజు. రెండేళ్ళు పోనీ." ఆవిడ ఆ గొట్టాన్ని ఎప్పుడూ చూడలేదు. బిడ్డ నోటిని మాత్రం రోజూ చూస్తారు. ఇక్కడ నేనూ చిన్న ఒప్పుకోలు చెప్పాలి. మా కాలంలో చింతపిక్కలు, గవ్వలు, వామనగుంటలు అంటూ నేను అందరికీ క్లాసు పీకుతుంటాను. అవి కూడా అన్నీ ఆ ముడిలోకి పోవాల్సినవే. పాత ఆటలైనంత మాత్రాన చింతపిక్క గొంతులో కరగదు.

పాప లక్కపిడతలు హాలు నిండా పరిచింది. ముందు అందరికీ వంట అన్నారు, తర్వాత నాన్నకి ఒక్కడికే అన్నారు. అన్నారు అంటే పాపే అంది. వంటచేసేటప్పుడు అది తన గురించి తను మర్యాదగా మాట్లాడుకుంటుంది. బావ బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఖాళీ గిన్నె వచ్చింది.

"ఈ గిన్నె ఏ రంగమ్మా?" అన్నాడు బావ.

"తిను. తినేటప్పుడు మాట్లాడకూడదు," అంది పాప, అచ్చం అత్తయ్యగారి గొంతుతో.

బావ తిన్నాడు. ఎన్ని ముద్దలో లెక్కపెట్టమనబోయి మానుకోవడం నాకు కనిపించింది. కాసేపాగి, ఎవరూ అడగకుండానే, "పప్పులో ఉప్పు తగ్గింది" అన్నాడు. పాప నడుం మీద చెయ్యి పెట్టుకుని నాన్నని ఒకసారి ఎగాదిగా చూసి, వంటింట్లోకి పోయి, గాలిలోంచి గుప్పెడు ఉప్పు తెచ్చి వేసింది. మళ్ళీ తిన్నాడు. "ఇప్పుడెక్కువైంది" అన్నాడు. పాప తల కొట్టుకుంది.

ఇంతలో బావ ఫోను మోగింది. రోజూ సాయంత్రం ఏడుకి పెట్టుకున్న అలారం. తెర మీద "అంకెల సమయం" అని వెలుగుతోంది. బావ చెయ్యి చాపేలోపే పాప ఫోను తీసుకుని లక్క పొయ్యి మీద పెట్టింది. చేత్తో పిండి పోసి గుండ్రంగా తిప్పింది. అంచుల్లో నూనె వేసింది. అలారం మోగుతూనే ఉంది, పాప దాన్ని చుయ్యిమనే చప్పుడుగా తీసుకున్నట్టుంది.

"నాన్నా, ఒకవైపు కాలింది. తిప్పు."

బావ ఫోనుని బోర్లా తిప్పాడు. రెండోవైపు కాలేదాకా ఎవరూ ముట్టుకోకూడదని ఆజ్ఞ అయింది.