ఆముదం తాగిన రాడ్డు

ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఏ వస్తువు పట్టేసినా వైద్యం ఒక్కటే. తలుపు కిర్రుమంటే నూనె, సైకిల్ చైను మొరాయిస్తే నూనె, పిల్లాడు పరీక్ష తప్పితే నడినెత్తిన నూనె. ఈ వైద్యానికి లొంగని రోగి ఫూస్‌బాల్ బల్ల. హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో అలవాటైన ఈ బొమ్మల ఫుట్‌బాల్ మనవైపు ఏ హాస్టల్లోకో, క్లబ్బులోకో వచ్చిందంటే, ఒక వానాకాలం గడిచేసరికి రాడ్లు బిగుసుకుంటాయి. అప్పుడు తప్పకుండా ఎవరో ఒకరు ఆముదం సీసా పట్టుకొస్తారు. నా తగాదా ఆ సీసాతోనే. పట్టేసిన రాడ్డుకు కావలసింది నూనె కాదు, స్నానం.

మామూలు బల్లకు ఎనిమిది రాడ్లు, ఒక్కోదానికి ఇటొకటి అటొకటి చొప్పున పదహారు బేరింగులు. బేరింగంటే సైకిల్ చక్రంలోలా గోళీలుంటాయనుకునేరు. చాలా బల్లల్లో అది పక్కచెక్కకు బిగించిన ప్లాస్టిక్ బుష్, అంతే. ఆడేవాడు రాడ్డును తిప్పి ఊరుకోడు, తోస్తాడు, లాగుతాడు. చిక్కంతా అక్కడే. బయటికొచ్చినప్పుడల్లా రాడ్డు గదిలోని దుమ్మును ఒంటికి పూసుకుంటుంది, లోపలికి పోయినప్పుడల్లా దాన్ని బుష్‌కు అప్పజెబుతుంది. రాడ్డు పొడిగా ఉంటే అంటేది తక్కువ. నూనె రాశామా, ఇల్లెందు, మణుగూరు బొగ్గు లారీల వెనకాల లేచే నల్ల దుమ్మూ, ఎండాకాలపు ఎర్ర దుమ్మూ, ఆటగాళ్ల చేతుల్లోని మిక్చరు కారమూ కలిసి బుష్‌లో పచ్చడి తయారవుతుంది. మొదట్లో రాడ్డు హాయిగా తిరుగుతుంది, అందుకే నూనె వైద్యుడికి అంత పేరు. మళ్లీ పట్టేసినప్పుడు తప్పు వైద్యానిది అనరు, మోతాదు చాలలేదంటారు.

ఏ నూనె అన్నది కూడా చూద్దాం. ఆముదం చిక్కదనం గురించి మనకు చెప్పేవాళ్లు అక్కర్లేదు. పొద్దుతిరుగుడు నూనెకు గాలి తగిలితే ఏమవుతుందో వంటగట్టు మీది సీసా అడుగున వేలు పెట్టి చూస్తే చాలు, వేలు రాదు. కొబ్బరినూనె 24 డిగ్రీల దిగువన గడ్డకడుతుంది. డిసెంబరు పొద్దున ఏజెన్సీ ఊళ్లలో సీసాను ఎండలో పెట్టి కరిగించుకుంటాం గానీ బల్లను ఎండలో పెట్టలేం కదా. కుట్టు మిషన్ నూనె పలచనే, కానీ అది ఆటస్థలం మీదికి కారుతుంది, బంతి ఎటు జారుతుందో కొట్టినవాడికే తెలియదు. సిలికాన్ ఆయిల్ మాత్రం నూనె కాదా అని అడిగేవాళ్లుంటారు. నూనే. కాకపోతే అది గాలికి జిగురెక్కదు, పైగా వేయాల్సింది ఒకటి రెండు చుక్కలు. అదీ స్పిరిట్‌లో తడిపిన పాత బనియనుతో రాడ్డు తుడిచి, అరిగిన టూత్‌బ్రష్షుతో బుష్ అంచున పేరుకున్న నల్లటి పొర గీకేశాక. గుడ్డ తెల్లగా తిరిగొచ్చేదాకా సీసా మూత తీయకూడదు.

ఇక పెద్దల అభ్యంతరం. ఎడ్లబండి ఇరుసుకు తరతరాలుగా కందెన పెట్టాం, బండి నడవలేదా అంటారు. నడిచింది. కానీ ఇరుసు చక్రంలోంచి క్షణానికోసారి బయటికొచ్చి దుమ్ములో పొర్లి లోపలికి దూరదు. పైగా తెలిసిన బండివాడు చక్రం తీసి, పాత కందెన తుడిచాకే కొత్తది పెడతాడు. ఆ తుడుపు మనకు గుర్తులేదు, కందెనే గుర్తుంది. ఇది విదేశీ సరుకు, మన వాతావరణానికి పడదనేది ఇంకో మాట. ఈ ఆటకు 1921లో పేటెంట్ అడిగిన హెరాల్డ్ థార్న్‌టన్‌ది ముసురు వదలని ఇంగ్లండు. 1937లో తానే కనిపెట్టానని పేటెంట్ తీసుకున్న కవి అలెహాండ్రో ఫినిస్తెర్రేది ఎండలు మండే స్పెయిన్. తడిలోనూ ఎండలోనూ పుట్టిన ఆటకు మన ఊరొక్కటే పడదంటే నమ్మడం కష్టం.

అయితే ప్రతి జబ్బూ మురికిదే కాదు, అది ఒప్పుకోవాలి. జూలై ముసురుకు చెక్కపొడి పలకలు ఉబ్బి, ఎదురెదురు రంధ్రాలు వరుస తప్పుతాయి. బేరింగు స్క్రూలు ఒక చుట్టు వదులు చేసినప్పుడు రాడ్డు కదిలిందంటే రోగం బిగింపుది. బలముంది కదా అని కొత్త బల్లకు స్క్రూలు విరిగేలా తిప్పినవాళ్ల పుణ్యం కూడా ఇందులో ఉంటుంది. అసలు రాడ్డు చెప్పకుండా ఏమీ చేయదు. భద్రాచలం దగ్గర గోదావరికి 43 అడుగుల వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక, 48 వద్ద రెండోది, 53 వద్ద మూడోది ఉన్నట్టే దీనికీ ఉన్నాయి: ముందు కిచకిచ, తర్వాత బరువు, ఆఖరున పిడి ఊడి చేతికొస్తుంది. నది 43 దాటగానే సామాను అటక మీదికెక్కించే మనిషే బల్ల దగ్గర పిడి ఊడేదాకా ఆడతాడు. ఇక తిప్పినప్పుడు ఒక్క చోటే పట్టి మిగతా చోట్ల వదిలేస్తుంటే రాడ్డు వంగిందని అనుమానించాలి. దానికి స్నానమూ లేదు, నూనే లేదు, కొత్తది కొనాల్సిందే. సుత్తితో సరిచేస్తామనేవాళ్లకు ఒక మాట: చాలా రాడ్లు బోలు గొట్టాలు, ఒక్క దెబ్బకు సొట్ట పడతాయి. ఆ తర్వాత అది వానాకాలంలో తువ్వాళ్లు ఆరేసుకోవడానికి బాగా పనికొస్తుంది, ఆముదం మరకలు అంటకపోతే.