గంట ప్రయాణానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
గాలి దారి కొలువ గన్నవరము దాక
శంషబాదు నుండి సాగు పయన
మొక్క గంట యనుచు మురిపించు టికెటయ్య!
నమ్మదు మునగాల, నాల్గు చేర్చు.

అవతారిక: సూర్యాపేటకూ కోదాడకూ నడుమ, హైవే మీదున్న మునగాలలో, విజయవాడ పెళ్లికి విమానమా బస్సా అని ఇంట్లో వాదన జరుగుతుండగా పుట్టిన చాటువు. కవి పేరు తెలియదు. బస్సు పక్షమని మాత్రం తెలుస్తూనే ఉంది.

ప్రతిపదార్థం: శంషబాదు నుండి = 2008లో బేగంపేట నుంచి విమానాలు తరలిపోయిన శంషాబాదు నుంచి; గన్నవరము దాక = పేరుకు విజయవాడదైనా, ఊరికి ఇరవై కిలోమీటర్ల అవతలుండే విమానాశ్రయం వరకు; గాలి దారి = భూమి వంపును లెక్కలో పట్టి గీసిన అతి దగ్గరి దారిని; కొలువ = కొలిస్తే (దాదాపు 264 కిలోమీటర్లని గ్రహించాలి); సాగు పయనము = జరిగే ప్రయాణం; ఒక్క గంట అనుచు = గంటేనంటూ; టికెటు = టికెట్టు; మురిపించు = ఆశపెడుతుంది; అయ్య = పాదం నిండడానికి వచ్చింది; మునగాల = ఆ ఊరి జనం; నమ్మదు = నమ్మరు; నాల్గు చేర్చు = మరో నాలుగు కలుపుకుంటారు.

శంక: ఏటీఆర్ విమానం గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది కదా, 264కి అరగంట పైచిలుకు చాలదా?

సమాధానం: చాలదు. టికెట్టు మీది కాలం గాల్లో ఉన్నంతసేపే కాదు. నిలిచిన చోటి నుంచి కదలడం, రన్‌వే దాకా మెల్లగా నడవడం, వంతు కోసం ఆగడం, లేవడం, దిగడం, మళ్లీ చక్రాలు ఆగడం, అన్నీ అందులోవే.

శంక: ‘నాల్గు’ అంటే నాలుగు గంటలేనా?

సమాధానం: ఆ అర్థం పొసగదు. చౌటుప్పల్ దాటి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాదు చేరేసరికే మూడు గంటలు పోతాయి. కనుక నాలుగు రకాల కాలమని చెప్పుకోవాలి: శంషాబాదు దాకా రోడ్డు, కౌంటరు మూయకముందే చేరాలని రెండు గంటల ముందే వెళ్లి కూర్చోవడం, దిగాక బెల్టు దగ్గర పెట్టె కోసం నిలబడడం, గన్నవరం నుంచి పెళ్లిమండపం దాకా ఆటో.

విశేషం: ఎక్కణ్నుంచో కొలిచిన దూరాన్ని మోయడం మునగాలకు కొత్త కాదు. నైజాం నేల నడుమ దీవిలా ఉన్న ఈ పరగణా బ్రిటిషువారి కృష్ణా జిల్లాది. పక్కనే నల్లగొండ ఉన్నా జిల్లా కేంద్రం మాత్రం ఎక్కడో సముద్రపు ఒడ్డున బందరు. 1959లో గానీ నల్లగొండ జిల్లాలో కలవలేదు. ఇలాంటి ఊరికి ఏ లెక్క చూపినా మొదట అడిగేది ‘ఎక్కణ్నుంచి?’ అనే.

తాత్పర్యం: టికెట్టు అబద్ధమాడలేదు. గంట అన్నది రెండు విమానాశ్రయాల మధ్య సంగతి. మనిషి ప్రయాణం గుమ్మం దగ్గర మొదలై విస్తరి ముందు ముగుస్తుంది. మునగాలవాసి విమానమెక్కాలంటే ముందు విజయవాడకు వీపు పెట్టి పడమటికి పోవాలి. పోయినదంతా గాల్లో వెనక్కి రావాలి. ఈలోగా ఊళ్లో బస్సెక్కినవాడు కోదాడ, నందిగామ దాటి పెళ్లిలో రెండో బంతికి అందుకుంటాడు.

ఫలశ్రుతి: ఈ పద్యం చదువుకుని బయలుదేరినవారు కౌంటరు మూసేలోపు చేరతారు. అర్థం తెలిసి చదివినవారు అసలా కౌంటరుకే పోరు.