పెద్దపెట్టె, చిన్నపెట్టె: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

ఆ.వె.
పెద్దపెట్టె కెన్ని పిక్సెళ్ళు గలవయ్య
చిన్నపెట్టె కన్ని చేరియుండు
తాళికట్టువేళ తప్పునా తప్పదా
అదియె వేలు లక్షలంతరమ్ము

అవతారిక

పద్యమూ నాదే, టీకా కూడా నాదే. కావ్యం ఒకరు రాస్తే వ్యాఖ్యానం ఇంకొకరు రాయడం ఆచారం. కవి కలలో కూడా అనుకోని అర్థాలు వ్యాఖ్యాత లాగుతాడన్న అపవాదు ఎలాగూ ఉంది కదా, ఆ లాగుడేదో నేనే లాగితే కవి వచ్చి దెబ్బలాడే భయం ఉండదు. పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసి బతుకుదామనుకుంటున్న ఒక కుర్రవాడు, అప్పుచేసి పెద్ద కెమెరా కొనాలా, చేతిలో ఉన్నదానితో చిన్నది కొనాలా అని అడిగినట్టూ, దానికి కవి జవాబు చెబుతున్నట్టూ గ్రహించాలి. ‘అయ్య’ అన్న పిలుపు అతనికే.

ప్రతిపదార్థం

పెద్దపెట్టెకు = 2024 జులైలో ప్రకటించిన కెనాన్ ఈఓఎస్ ఆర్1 అను కెమెరాకు; ఎన్ని పిక్సెళ్ళు = ఎన్ని చుక్కలు; కలవు + అయ్య = ఉన్నవో, నాయనా; చిన్నపెట్టెకు = 2023 మే నెలలో ప్రకటించిన ఆర్100 అను కెమెరాకు; అన్ని = అన్నియే; చేరియుండు = అమరియుండును; తాళికట్టువేళ = గట్టిమేళం మోగి, అక్షతలింకా గాలిలో ఉండగా, చుట్టపక్కాలందరూ ఫోన్లు పైకెత్తి వధూవరులకు అడ్డం నిలిచిన క్షణమున; తప్పునా = బొమ్మ చేజారునా; తప్పదా = చేజారదా; అదియె = ఆ ఒక్క సందేహమే; వేలు లక్షల + అంతరమ్ము = వేల రూపాయల వస్తువుకును లక్షల రూపాయల వస్తువుకును గల తేడా.

తాత్పర్యం

ఓ కుర్రవాడా! చుక్కల లెక్కలో రెండు కెమెరాలూ ఒకటే. డబ్బు పోసేది బొమ్మ అందంగా రావడానికి కాదు, అసలంటూ రావడానికి.

విశేషాలు

పెద్దదాని చుక్కలు 2 కోట్ల 42 లక్షలు, చిన్నదానివి 2 కోట్ల 41 లక్షలు. ఈ లక్ష తేడాను కవి పట్టించుకోలేదు. తనవి కానప్పుడు లక్షల్ని లెక్కచేయకపోవడం కవులకు అలవాటే. అమెరికాలో విడుదలనాటి ధర పెద్దదానికి 6,299 డాలర్లు, చిన్నదానికి లెన్స్ లేకుండా 480. అంటే పదమూడు రెట్లు. బ్యాటరీ, కార్డు వేశాక బరువు 1,115 గ్రాములు ఒకటి, 356 గ్రాములు ఇంకొకటి. అంటే మూడు రెట్లే. తూకం లెక్కన చూసినా చిన్నదే చవక. పేర్లలో ఇంకో చమత్కారం ఉంది. ఒకటి అంకె గలది లక్షలు, నూరు గలది వేలు. ఈ కంపెనీవారి లెక్కలో అంకె పెరిగినకొద్దీ వెల తగ్గుతుంది.

ఇవి మిర్రర్‌లెస్, అంటే అద్దంలేని కెమెరాలైతే ఆ మాట పద్యంలో ఏదీ అని అడగవచ్చు. 2008లో పానసోనిక్ జి1తో ఈ దారి పడింది. 2018లో కెనాన్, నైకాన్ రెండూ పూర్తి కొలత సెన్సర్లతో అదే దారి పట్టాయి. ఇప్పుడిక అద్దం లేదని ప్రత్యేకించి చెప్పడం పునరుక్తి అవుతుంది.

రెండో పాదంలో ‘చేరియుండు’ అన్న క్రియ ఊరికే పడలేదు. పెద్దదాని సెన్సర్ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు. చిన్నదానిది 22.3 వెడల్పు, 14.9 ఎత్తు. వైశాల్యం చూస్తే పెద్దది రెండున్నర రెట్లకు పైమాటే. చుక్కలేమో అన్నే. కాబట్టి చిన్నపెట్టెలో చుక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకుని సర్దుకోవాలి, ఒక్కో చుక్కకు దక్కే వెలుగూ ఆ మేరకు తగ్గాలి. పట్టపగలు పెరట్లో మందారపువ్వును రెండింటితోనూ తీసి పక్కపక్కన అచ్చువేస్తే ఏది ఏదో కవి చెప్పలేడు, వ్యాఖ్యాత అంతకన్నా చెప్పలేడు. అర్ధరాత్రి లగ్నమై, హోమం పొగ మధ్య, నెత్తిన ఆకుపచ్చదో ఊదారంగుదో డెకరేషన్ దీపం ఉంటే అప్పుడు తేడా కనిపిస్తుంది. చిన్నదానితో ఆ వెలుగులో తీస్తే పెళ్ళికూతురి బుగ్గమీద పసుపుతోపాటు రవ్వ కూడా పూసినట్టుంటుంది.

అయితే ఈ నేరమంతా పెట్టెది కాదని కవి ఇక్కడ చెప్పి ఉండాల్సింది. చిన్నదానితో ఇచ్చే 18-45 కిట్ లెన్స్ దగ్గరకు లాగి చూస్తే ఎఫ్ 6.3 కన్నా ఎక్కువ తెరుచుకోదు. అదే పెట్టెకు ఎఫ్ 1.8 గల 50 మిల్లీమీటర్ల లెన్స్ తగిలిస్తే లోపలికొచ్చే వెలుగు పన్నెండు రెట్లవుతుంది. ఆ లెన్స్ ఈ కంపెనీ లెన్సులన్నిటిలోనూ బాగా చవకైనవాటిలో ఒకటి. పైగా రెండు పెట్టెలదీ ఒకే ఆర్‌ఎఫ్ మౌంట్. ఇవాళ చిన్నదానికి కొన్న ఈ లెన్స్ రేపు పెద్దదానికీ పడుతుంది. కిట్ లెన్స్‌తోనే మాంగల్యధారణ తీసి, కెమెరా మంచిది కాదని తిట్టుకునేవాళ్ళకు ఈ వాక్యం ఇంకోసారి చదవమని మనవి.

మూడో పాదం

పద్యానికి ప్రాణం ఇక్కడుంది కాబట్టి వ్యాఖ్యాత కాస్త తీరిగ్గా కూర్చుంటున్నాడు.

‘తప్పునా తప్పదా’ అన్న సందేహాన్ని తీర్చడానికి పెద్దపెట్టె పడే పాట్లు అన్నీ ఇన్నీ కావు. సెకనుకు 40 బొమ్మలు తీస్తుంది. మూడుముళ్ళు పడడానికి ఇరవై సెకన్లు అనుకుంటే 800 బొమ్మలు. ఆల్బంలోకెక్కేది ఒకటో రెండో. మిగతా 798 చూసి తీసెయ్యాల్సిన అసిస్టెంటు కుర్రవాడి గోడు ఏ కావ్యంలోనూ లేదు. ఇంకా వింత ఏమిటంటే, ఒక సదుపాయం ముందే పెట్టుకుంటే, వేలు బటన్‌ పూర్తిగా నొక్కకముందు గడిచిన అరసెకనులోని బొమ్మలు కూడా దాచిపెడుతుంది. గడిచిపోయిన క్షణం కోసం ఇంత వెల పెట్టడం మామూలు మనుషులకు వింతగా తోచవచ్చు. పెళ్ళికొడుకు తల ఎత్తి నవ్విన అరసెకను తరువాత బటన్ నొక్కినవాడికి తోచదు.

చిన్నపెట్టె సెకనుకు ఆరున్నర తీస్తుంది. అరబొమ్మ ఎక్కడని అడగకండి, రెండు సెకన్లకు పదమూడు. ఇది కూడా అప్రతిష్ఠ లెక్కేమీ కాదు. చిక్కంతా సెన్సర్‌నుంచి బొమ్మను ఎంత వేగంగా చదువుకుంటుందన్న దగ్గరుంది. పెద్దదాని సెన్సర్ అరలు అరలుగా పేర్చినది, చదువుకోవడానికి కావలసిన సర్క్యూట్లు అడుగు అరలోనే ఉంటాయి. చిన్నదానికి ఆ ఏర్పాటు లేదు, పై వరుసనుంచి కింది వరుసకు నింపాదిగా దిగుతుంది. చప్పుడు లేకుండా తీసే మోడ్ పెట్టి గట్టిమేళంలో డోలువాద్యగాణ్ణి తీసి చూడండి. పైనుంచి కిందికి చదివేలోపు పుల్ల కదిలిపోయి, బొమ్మలో వెదురుబద్దలా వంగి కనిపిస్తుంది. వాద్యగాడు చూస్తే తన పుల్లకేమైందని కంగారుపడతాడు.

ఇక తెర. చిన్నదాని తెర వెనకవైపు కదలకుండా బిగించి ఉంటుంది, వేలితో తాకినా పలకదు. ఫోనుకు అలవాటుపడ్డవాళ్ళు దానిమీద నాలుగుసార్లు పొడిచి, పాడైపోయిందనుకుంటారు. పెద్దదాని తెర ఎటంటే అటు తిరుగుతుంది. మండపం కింద పీటల ఎత్తులో పెట్టి, వంగకుండా జీలకర్ర బెల్లం తీయవచ్చు. రాత్రంతా నిలబడ్డ నడుముకు తెలుస్తుంది ఆ తిరుగుడు విలువ.

పూర్వపక్షం

ఇంత చెప్పాక ఒక అనుమానం. మన పెళ్ళిళ్ళలో క్షణం నిజంగా చేజారుతుందా? ముహూర్తం నిర్ణయించేది పంతులుగారే అయినా, దాన్ని నడిపేది ఫోటోగ్రాఫరు. “ఒక్క నిమిషం పంతులుగారూ!” అంటే మంత్రం ఆగుతుంది. “బాబూ, తాళి అలాగే పట్టుకుని ఇటు చూడండి, అమ్మా, కొంచెం తల ఎత్తండి, పెద్దాయనా, మీరు పక్కకు జరగాలి” అంటే అందరూ జరుగుతారు. తలంబ్రాలు చాలకపోతే ఇంకో పళ్ళెం తెప్పించి మళ్ళీ పోయిస్తారు. నిశ్చలంగా నిలబెట్టి తీసే బొమ్మకు సెకనుకు 40 ఎందుకు, ఒకటి చాలదా? పూర్వపక్షి ఈ మాటతో కవి నోరు కట్టేశాడనే చెప్పాలి.

సిద్ధాంతం

కట్టేశాడు కానీ పూర్తిగా కాదు. ఆపడానికి వీల్లేనిది ఇంకొకటుంది. అది మెమరీ కార్డు చావు. చిన్నపెట్టెలో కార్డుకు చోటు ఒక్కటే, అదీ అడుగున బ్యాటరీ పక్కనే. పెద్దదాంట్లో రెండు. ప్రతి బొమ్మా రెండింటిలోనూ పడేలా పెట్టుకుంటే ఒకటి చచ్చినా రెండోది ఉంటుంది. పంతులుగార్ని నిమిషం ఆపగలిగినవాడు కూడా, మర్నాడు పెళ్ళివారింటికి వెళ్ళి “ఇంకోసారి కట్టండి” అని అడగలేడు. కాబట్టి ‘తప్పునా తప్పదా’ అన్నది వేగం గురించి కాక కార్డు గురించి అని అన్వయించుకుంటే పద్యం నిలబడుతుంది.

అయితే అలా నిలబెట్టిన వెంటనే ఇంకోవైపు ఒరుగుతుంది. రెండు కార్డులకోసం లక్షలు లక్షలు పోయనక్కర్లేదు. ఇదే వంశంలో 2022లో పుట్టిన ఆర్6 మార్క్ 2 అనే మధ్యముడున్నాడు. చుక్కలు అవే 2 కోట్ల 42 లక్షలు, సెన్సర్ పెద్దదానంతే, కార్డుకు రెండు చోట్లు, విడుదలనాటి ధర 2,499 డాలర్లు. పెళ్ళిళ్ళమీద బతకదలచినవాడికి ఇదే తగిన పెట్టె అని వ్యాఖ్యాత అభిప్రాయం. ఇంట్లో పిల్లల పుట్టినరోజులు, తిరుపతి ప్రయాణాలు తీసుకునేవాడికి చిన్నపెట్టే చాలు, మిగిలిన డబ్బు లెన్సుకు పెట్టుకోవాలి. మరి కవి మధ్యముణ్ణి ఎందుకు వదిలేశాడు? గణాలు కుదరక. ‘ఆర్ సిక్స్ మార్క్ టూ’ను ఆటవెలదిలో ఇరికించి చూడండి, మీకే తెలుస్తుంది.

దోషవిచారం

మూడో పాదం ‘తప్పదా’ అని ముగిసి, నాలుగోది ‘అదియె’ అని అచ్చుతో మొదలవడం విసంధి అని పండితులు ముఖం చిట్లిస్తారు. తప్పదా అని అడిగాక, కార్డులో బొమ్మ ఉందో లేదో వెనక్కి తిప్పి చూసుకునేంత వ్యవధి కావాలి. సంధి చేస్తే ఆ వ్యవధి పోతుంది. ఇలాంటి సమర్థనలు దొరక్కపోతే ఇన్ని టీకాలు పుట్టేవే కావు.

పాఠాంతరాలు

‘తాళికట్టువేళ’కు బదులు ‘బంతి తగులువేళ’ అని ఆటల ఫోటోగ్రాఫర్ల పాఠం. ఆటను ఎవరూ ఆపలేరు కాబట్టి అర్థం మూలం కన్నా బలంగా ఉంది, పెద్దపెట్టె నిజంగా పుట్టింది కూడా ఆ మైదానాల కోసమే. కానీ ‘బం’కూ ‘త’కూ యతి చెల్లదు. యతి చెల్లినా ఇంకో చిక్కుంది. ఆటను పోల్చుకుని బంతి ఎవరిదగ్గరుంటే అటు ఫోకస్ తిప్పే సదుపాయం ఈ పెట్టెకు పుట్టుకతో వచ్చింది ఫుట్‌బాల్‌కూ, బాస్కెట్‌బాల్‌కూ, వాలీబాల్‌కూ మాత్రమే. క్రికెట్ ఊసు లేదు. మన దేశంలో బంతి అంటే ఏ బంతో తెలియనివారి కోసం రాసిన పాఠం కాబట్టి త్యాజ్యం.

నాలుగో పాదానికి కెమెరాలు అద్దెకిచ్చే దుకాణంవారి పాఠం వేరే ఉంది: ‘అద్దెకిడిన లక్షలట్లె వచ్చు’. యతి సరిపోయింది. పైగా శ్లేష. తీసుకునేవాడి పక్షాన: అద్దె కట్టితే లక్షల పెట్టె రెండురోజులకు అట్లే చేతికి వస్తుంది. ఇచ్చేవాడి పక్షాన: పెట్టెను అద్దెకు తిప్పితే లక్షలు అట్లే గల్లాపెట్టెలోకి వస్తాయి. మొదటి ముహూర్తాల సీజన్ ఇలా అద్దెపెట్టెతో గడిపి, ఏది కొనాలో ఆ తరువాత తేల్చుకునే కుర్రవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ పాఠమే గ్రాహ్యమని వ్యాఖ్యాత నిర్ణయం. కవి ఒప్పుకోవడం లేదు.