సపోర్టు పోయింది, సర్వీసు పోలేదు

నేనొక కంప్యూటర్ని. తిరుత్తణిలో కొండకు పోయే దారిలో ఒక డీటీపీ షాపు బల్ల కింద ఉంటాను. నాలో నడిచేది విండోస్ ఎక్స్‌పీ. 2001 అక్టోబరులో విడుదలైన ఆ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆపేసింది. ఆ లెక్కన నేను రిటైరై చాలా ఏళ్లయింది. పెన్షన్ లేదు గానీ చాకిరీ మాత్రం తప్పలేదు.

1960 ఏప్రిల్ 1 దాకా ఈ ఊరు చిత్తూరు జిల్లాలో ఉండేది. సరిహద్దు జరిగింది గానీ చాలా ఇళ్లలో తెలుగు అలాగే ఉంది. అందుకే మా షాపులో పెళ్లిపత్రికకు ఒక పక్క తమిళం, ఇంకో పక్క తెలుగు. ఆడికృత్తిక వచ్చిందంటే నగరి, పుత్తూరు వైపు నుంచి కావళ్లు ఎత్తుకొచ్చేవాళ్ల కరపత్రాలు, అన్నదానం నోటీసులతో ఊపిరి సలపదు. ఆ తెలుగంతా పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లతో, నా మీదే కొట్టారు.

మెలికంతా అక్కడే ఉంది. తెలుగు యూనికోడ్ ఫాంటు గౌతమి ఎక్స్‌పీతోనే వచ్చింది. కానీ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. అందుకని ఆనాటి డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలుండే చోట్లలో మన తలకట్లు, గుడులు, వత్తులు కూర్చోబెట్టి పని నడిపాయి. నా తెర మీద శ్రీరస్తు శుభమస్తు అని కనిపించేది, ఆ ఫాంటు లేని మెషిన్లో తెరిస్తే డాలర్ గుర్తులూ, నెత్తిన చుక్కలున్న లాటిన్ అక్షరాలూ అయి కూర్చుంటుంది. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి, కాదనను. వాటితో అక్షరాలు వస్తాయి, పత్రిక అమరిక రాదు.

నా మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. పొద్దున ఆన్ చేస్తే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి, నల్లటి తెర మీద ఎఫ్‌1 నొక్కమని అడుగుతాను. యజమాని నావైపు చూడకుండానే నొక్కేసి, మురుగన్ పటానికి అగరుబత్తి వెలిగించడానికి పోతాడు. కొత్త బ్యాటరీ పెద్ద ఖరీదేం కాదు, ఆయనకే తీరిక లేదు.

చెన్నైలో ఉద్యోగం చేసే కొడుకు ఒకసారి కొత్త మెషిన్ తెచ్చాడు. "ఇంకెన్నాళ్లు నాయనా దీంతో కుస్తీ?"

"ఉండనీరా. పాత పత్రిక కావాలని వస్తే ఎవరు తీసిస్తారు, నువ్వా?"

ఎక్స్‌పీని కొత్తదాంట్లో వర్చువల్ మెషిన్‌గా పెడదామని ఆ అబ్బాయి కూర్చున్నాడు. సీడీకి గీతలు పడి సగంలోనే ఆగింది. కొత్తది కొందామంటే కంపెనీ అమ్మడం ఎప్పుడో మానేసింది. నెట్‌లో ఎవరెవరో పెట్టిన కాపీల్లో ఏ వైరసు దూరి ఉందో ఎవరికి ఎరుక? 2020 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఎస్‌హెచ్‌ఏ-1 సంతకమున్న పాత డౌన్‌లోడ్లను తన డౌన్‌లోడ్ సెంటర్ నుంచి తీసేసింది. ఆ సంతకం బలహీనమైనది కాబట్టి కారణం న్యాయమైనదే. నష్టం మాత్రం నాలాంటివాళ్లకు.

డెబియన్ లినక్స్ వాళ్ల పద్ధతి నాకు నచ్చుతుంది. 1990ల నాటి విడుదలలు కూడా వాళ్ల ఆర్కైవ్‌లో ఉన్నాయి. సపోర్టు అయిపోతే చిరునామా మారుతుంది, సరుకు మాయం కాదు. మరి లినక్స్‌కే మారొచ్చు కదా అంటారేమో. 2014లో తమిళనాడు ప్రభుత్వం తన శాఖలకు బాస్ లినక్స్ పెట్టుకోమని చెప్పింది. సర్కారు ఆఫీసుకు సరే, పేజ్‌మేకర్ లేని లినక్స్‌తో మా షాపువాళ్లు ఏం చేసుకుంటారు?

నాకు నెట్ కనెక్షన్ పీకేశారు, మంచి పనే చేశారు. 2017లో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ విరుచుకుపడినప్పుడు గడువు తీరిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది. నాలాంటివాటిని నెట్‌లో తిప్పమని నేనూ అడగను. అమ్మడం మానేసిన సాఫ్ట్‌వేర్ అసలు కాపీని కంపెనీయే ఒక మూల భద్రంగా ఉంచి, కావలసినవాళ్లకు ఇస్తే చాలు.

మీ షాపులో నాలాంటిది ఇంకా నడుస్తుంటే, హార్డ్‌డిస్కు టకటకమని మోగకముందే దాని ఇమేజ్ తీయించండి. ముఖ్యమైన పత్రికలన్నీ పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. ఒరిజినల్ సీడీలు, వాటి మీది కీ నంబర్లు ఆయుధపూజ శుభ్రతలో పాత సామాన్లవాడికి వేసేయకండి.