గట్టు మీది గజ ఈతగాడు

మోటోక్రాస్ అంటే రోడ్డుతో సంబంధం లేని మట్టి బాటలో గుట్టలు ఎగురుతూ, గతుకులు దాటుతూ, మలుపుల్లో ఒరుగుతూ తేలికపాటి బైకుల మీద సాగే పందెం. 1924లో ఇంగ్లండులోని కాంబర్లీ దగ్గర జరిగిన పోటీని దీనికి ఆదిపర్వంగా లెక్కిస్తారు. 1957 నాటికి ప్రపంచ చాంపియన్‌షిప్పు కూడా ఏర్పడింది. తరువాతి పర్వాలలో గెలిచినవారి గురించీ ఓడినవారి గురించీ చాలామంది రాశారు గాని, గెలుపోటములు రెండింటికీ అతీతంగా హైదరాబాదు శివార్ల మట్టిలో ఆదివారం ఉదయం దర్శనమిచ్చే ఔత్సాహిక రౌతు గురించి తగినంత చర్చ జరగలేదు. ఇతడు వారంలో ఐదు రోజులు కంప్యూటరు ముందు కూర్చుంటాడు, ఆరో రోజు యూట్యూబు ముందు కూర్చుంటాడు, ఏడో రోజు బైకు మీద కూర్చుంటాడు. మోటోక్రాస్ ప్రధానంగా నిలబడి ఆడవలసిన ఆట కావడమే ఇతడి జీవితంలోని చిక్కు.

రౌతు కొద్దీ గుర్రమన్న సామెతను ఇతడు తిరగేసి నమ్ముతాడు. అసలైన మోటోక్రాస్ బైకుకు లైట్లుండవు, నంబరు ప్లేటుండదు, రోడ్డెక్కే అర్హత ఉండదు, ధర మాత్రం ఉంటుంది; అందుచేత ఇతడి ప్రస్థానం సాధారణంగా హీరో ఎక్స్‌పల్స్‌తో మొదలవుతుంది. పందెపు 250 సీసీ బైకు సుమారు 105 కిలోలుండగా తన బండి 158 కిలోల దాకా తూగుతుందని తెలిసిన రోజు నుంచి ఇతడికి కంటిమీద కునుకుండదు. సైలెన్సరు మార్చి, హ్యాండిలు మార్చి, మామూలు బోల్టులకు బదులు టైటానియం బోల్టులు తెప్పించి కొన్ని వందల గ్రాములు తగ్గిస్తాడు. ఆ తగ్గింపును అదే ఉదయం దారిలో తిన్న ఉప్మా పెసరట్టు పూడ్చివేస్తుంది. ఇంతకూ బండికి మొదట చేయవలసిన పని టేపుతో అయిపోతుంది. రౌతు పూర్తి సరంజామాతో ఎక్కినప్పుడు వెనుక భాగం ఎంత దిగుతున్నదో కొలిచి, ఆ దిగుబాటు సస్పెన్షను మొత్తం ఆటలో దాదాపు మూడోవంతు ఉండేటట్టు స్ప్రింగును బిగించుకోవాలి. దీనినే ‘శాగ్’ అంటారు. అయితే సరిచేసిన శాగ్ ఫొటోలో కనిపించదు, కొత్త సైలెన్సరు కనిపిస్తుంది.

ఇంత చెప్పాక ఇతడిని అజ్ఞానిగా భావిస్తే అది పెద్ద పొరపాటు. మలుపుల దగ్గర బైకు చక్రాలు ఆనడానికి పేర్చిన మట్టి గట్టును ‘బర్మ్’ అంటారు. దాని మీద చేతులు కట్టుకుని నిలబడి ఇతడు చేసే బోధలో పొల్లు మాట ఒక్కటీ ఉండదు. ‘తమ్ముడూ, చక్రం ముందు నేలను చూడకు, మలుపు అవతల ఎక్కడికి పోవాలో అక్కడ చూడు’ అంటాడు; అది నిజం. మోచేతులు పైకెత్తాలంటాడు, క్లచ్ మీద ఒక్క వేలు చాలంటాడు, అరిపాదం మధ్యభాగం కాక ముందుభాగం ఫుట్‌రెస్టు మీద ఆనాలంటాడు, అన్నీ నిజాలే. హ్యాండిలును గట్టిగా పట్టుకుంటే ముంజేతి కండరాలు ఉబ్బి, రక్తం సరిగా ఆడక, వేళ్లు పట్టు తప్పుతాయని, రౌతులు ‘ఆర్మ్ పంప్’ అనే ఈ బాధకు మందు మోకాళ్లతో బండిని బిగించి చేతులను వదులు చేయడమేనని వైద్యుడికన్నా చక్కగా విశదీకరిస్తాడు. తరువాత తాను బండెక్కి, ముందు చక్రాన్ని తదేకంగా చూస్తూ, మోచేతులు పక్కటెముకలకు అతికించి, నాలుగు వేళ్లూ క్లచ్ మీద పరిచి రెండు చుట్లు తిరిగి వచ్చి, ముంజేతులు పిసుక్కుంటూ గ్రిప్పుల నాణ్యతను అనుమానిస్తాడు.

గాలిలో బైకును దిద్దుకునే విద్య విషయంలో ఇతడి పాండిత్యం పరాకాష్ఠకు చేరుతుంది. ఎగిరినప్పుడు ముక్కు కిందికి వాలితే యాక్సిలరేటరు ఇవ్వాలి, వెనుక చక్రం వేగం పెరిగినందుకు ప్రతిగా బండి ముక్కు లేస్తుంది. ముక్కు మరీ లేస్తే క్లచ్ పట్టి వెనుక బ్రేకు నొక్కాలి, తిరుగుతున్న చక్రం ఆగేసరికి ముక్కు దిగుతుంది. ఈ సూత్రాన్ని ఇతడు ఒక టీ గ్లాసుతో అద్భుతంగా ప్రదర్శించగలడు. పైభాగం చదునుగా ఉండే గుట్టను ‘టేబుల్‌టాప్’ అంటారు. తన వంతు వచ్చినప్పుడు దానిని ఒకవైపు మెల్లగా ఎక్కి, పైన కాసేపు ప్రకృతిని పరికించి, రెండోవైపు మెల్లగా దిగుతాడు. ఇందుకు కారణం ప్రతి వారమూ గాలే.

టూ-స్ట్రోక్ ఇంజిను గొప్పదా, ఫోర్-స్ట్రోక్ గొప్పదా అన్న వాదంలో ఇతడిని గెలవడం అసాధ్యం. అమెరికా రౌతు రికీ కార్మైకేల్ 2002లో టూ-స్ట్రోక్ హోండా మీద ఆ దేశపు జాతీయ మోటోక్రాస్ సీజనులోని 24 పందేలనూ గెలిచాడు. 2004లో ఫోర్-స్ట్రోక్ హోండా మీద మళ్లీ 24కు 24 గెలిచాడు. దీని నుంచి మామూలు మనిషి తీసే నిర్ణయం ఒకటే ఉంటుంది. ఇతడు మాత్రం ఎదుటివాడి దగ్గర ఫోర్-స్ట్రోక్ ఉంటే 2002ను, టూ-స్ట్రోక్ ఉంటే 2004ను ఉదాహరిస్తాడు.

సాధన మాట వచ్చేసరికి ఇతడికి హఠాత్తుగా అవమానం గుర్తుకొస్తుంది. ఒకే మలుపును ఇరవై నిమిషాలు తిప్పించడం, రెండు కోనుల మధ్య నిదానంగా ఎనిమిది అంకె గీయించడం ఏ శిక్షకుడైనా మొదట చేయించే పనులే. కోలారు ప్రాంతంలోని శిక్షణకు సెలవు పెట్టి మరీ వెళ్లిన ఇతడికి ఇవి బాలశిక్షలా తోస్తాయి. పెద్ద బాలశిక్ష చదవకుండా పంచకావ్యాలకు ఎగబాకిన పండితులు మన దగ్గర పూర్వం కూడా లేకపోలేదు (వారికి కనీసం హెల్మెట్ అవసరం లేకపోయింది). అయినా ఒక న్యాయం చెప్పాలి: ఎవరు పడినా మొదట పరుగెత్తేది ఇతడే, ఓఆర్ఎస్ పొట్లాలూ స్పానర్లూ ఇతడి కారు డిక్కీలోనే ఉంటాయి, ఇతడి మాట విని బాగుపడినవారి సంఖ్య కూడా తక్కువేమీ కాదు.

అలా బాగుపడిన వారిలో చిన్న 65 సీసీ బండి మీద తిరిగే పదేళ్ల పిల్లవాడు తప్పక ఒకడుంటాడు. ఇతడు చెప్పినట్టే మోచేతులెత్తి, దూరంగా చూస్తూ, టేబుల్‌టాప్‌ను ఒక్క ఊపులో దాటి, గట్టు దగ్గర ఆగి, హెల్మెట్ తీసి, ‘అంకుల్, ఇప్పుడు మీరొక రౌండు కొట్టి చూపించండి’ అని పిల్లవాడు కోరిన క్షణంలో ఇతడికి వెనుక టైరులో గాలి సరిగా లేదన్న సందేహం కలుగుతుంది. మట్టిలో పన్నెండు నుంచి పద్నాలుగు పీఎస్ఐ ఉండాలని పిల్లవాడికి వివరిస్తూ డిక్కీ తెరిచి ఇతడు మొదలుపెట్టే గేజీ వెతుకులాట, ఎండ ముదిరి ట్రాకు మూసేదాకా సాగుతుంది.