పిల్లి డాడీ

కరీంనగర్ మంకమ్మతోటలోనో, ఆదిలాబాద్ కొత్త కాలనీల్లోనో ఈయన మీకు తగిలే ఉంటాడు. కన్నతండ్రిని ‘బాపు’ అంటాడు, పర్షియన్ పిల్లికి మాత్రం తాను ‘డాడీ’. దానికి వేరే షాంపూ, వేరే దువ్వెన, పుట్టినరోజుకు మెడలో రిబ్బను. ఒళ్లో పెట్టుకుని మురుస్తాడు, అది ఆవులించగానే మొహం పక్కకు తిప్పుకుంటాడు. ‘పిల్లి నోరు గబ్బు రాక మల్లెపూల వాసనొస్తదా?’ అని వచ్చినవాళ్లను నవ్విస్తాడు కూడా. ఈయనలో ప్రేమకు కొదవ లేదు. అది బొచ్చు దగ్గరే ఆగిపోయింది, పెదవి దాటి లోపలికి పోలేదు, అంతే. ఈయన తాత అంగట్లో కోడెను బేరం చేసేముందు పెదవి ఎత్తి రెండు పండ్లదా, నాలుగు పండ్లదా చూసుకున్న మనిషి. వేలు పోసి పిల్లిని తెచ్చిన మనవణ్ణి దాని నోట్లో పండ్లెన్ని అని అడగండి, దిక్కులు చూస్తాడు. ముప్పై. కవ్వాల్ అడవిలో పులికీ అన్నే.

నోరెందుకు కంపు కొడుతుందంటే ‘చేప తింటది, అందుకే’ అన్నది మొదటి జవాబు. చేప వాసనైతే కాసేపటికి పోవాలి. పొద్దున్నే, తిండి ముట్టకముందే కొట్టే కంపు పండ్ల మీద పేరుకున్న పాచిది, అందులో పెరిగే సూక్ష్మజీవులది. తుడవకపోతే ఆ పాచి కొద్ది రోజుల్లోనే గట్టిపడి గార అవుతుంది. చిగురు ఎర్రబడి వాస్తుంది, జారుతుంది, చివరికి పన్ను కదులుతుంది. మూడేళ్లు దాటిన పిల్లుల్లో చాలావాటికి ఎంతో కొంత ఈ బాధ ఉంటుంది. పర్షియన్‌ది మరీ చప్పిడి ముఖం. ముగ్గురెక్కే ఆటోలో ఎనిమిది మందిలా ఆ పొట్టి దవడలో పండ్లు ఒకదానిమీదొకటి ఇరుక్కుంటాయి, సందుల్లో గార దాక్కుంటుంది. డాడీ ముచ్చటపడి కొన్నది సరిగ్గా ఆ ముఖాన్నే! ఒక్కోసారి తప్పు పంటిది కూడా కాదు. మూత్రం కంపు వస్తే కిడ్నీలను, గోళ్లరంగు తుడిచే మందులాంటి వాసన వస్తే చక్కెర రోగాన్ని అనుమానించాలి.

‘అడవిల పులికి ఎవడు బ్రష్ వేస్తున్నడు?’ ఇది బ్రహ్మాస్త్రం. పులికి పన్ను చెడితే ఏమవుతుందో 1907లో వేటగాడు జిమ్ కార్బెట్ కుమావూఁలో కాల్చిన చంపావత్ ఆడపులి నోరు తెరిస్తే తెలిసింది. పాత తుపాకీ దెబ్బకు కుడివైపు కోరలు పైదీ కిందిదీ విరిగి ఉన్నాయి. వేట చేతగాకే అది మనుషుల మీద పడిందని ఆయన తేల్చాడు. దాని పేర రాసిన చావులు 436. మంకమ్మతోట పిల్లి అంత దూరం పోదులెండి.

పండ్లు శుభ్రం చేయడానికి మత్తు ఇస్తే మళ్లీ లేస్తుందా అన్న భయం మాత్రం కొట్టిపారేసేది కాదు. అందుకే ముందు రక్తపరీక్ష చేస్తారు. మత్తు లేకుండా చిగురు కింది గారను తీయడం ఎవరివల్లా కాదు, ‘ఆ’ అను అంటే పిల్లి అనదు కదా. ‘ఇక్కడ డాక్టరేడున్నడు’ అంటే ఒప్పుకోలేం. కొత్త కారు పూజకు కొండగట్టు దాకా పోయినవాడికి అదే దారిలో జగిత్యాల దాటితే కోరుట్ల, అక్కడ పశువైద్య కళాశాల. ఆ అవసరం రాకుండా చూసుకోవాలంటే వేలికి మెత్తటి గుడ్డ చుట్టి పండ్ల మీద రుద్దడంతో మొదలుపెట్టొచ్చు. మనుషుల పేస్టు వద్దు. పిల్లికి ఉమ్మడం రాదు, ఉన్నదంతా మింగుతుంది.

‘మంచిగనే తింటున్నది’ అని ఆఖరి మాట. తింటుంది, ఒక్క దవడతో నమిలి, సగం కింద రాల్చి. నొప్పి దాచుకోవడం ఆ జాతి గుణం. ఒకటి మాత్రం దాచలేదు: నోరు నొస్తే ఒళ్లు నాకడం మానేస్తుంది, డాడీ ప్రాణంగా చూసుకునే బొచ్చు జడలు కడుతుంది. అప్పుడాయన కొత్త దువ్వెన కొంటాడు. కుడిచేత్తో దువ్వుతాడు, ఎడమచేత్తో ముక్కు మూసుకుంటాడు.