నా కంట పడని పురుగు

నేను పుట్టింది హర్యానాలోని అంబాలాలో. సైన్సు పరికరాల తయారీకి ఆ ఊరు పెట్టింది పేరు. అక్కణ్ణుంచి చెక్కపెట్టెలో వచ్చి, కోస్తాలోని ఓ పశువుల ఆసుపత్రిలో కిటికీ పక్క బల్లమీద స్థిరపడ్డాను. దురదకీ మా మైక్రోస్కోపుల వంశానికీ పాత చుట్టరికం ఉంది. 1665లో రాబర్ట్ హుక్ మా పూర్వీకుడి కింద ఫ్లీ పురుగును పెట్టి, ముల్లు ముల్లూ కనిపించేలా బొమ్మ గీశాడు. 1687లో ఇటలీలో బొనోమో, చెస్తోని గజ్జిపురుగును చూసి, ఆ రోగానికి మూలం అదేనని రాశారు. ఈ మాట నేను గర్వంగానే చెప్పుకుంటాను.

దురదతో వచ్చిన కుక్క నా దాకా రాదు. దాని చర్మం మీంచి గీకిన పొట్టు వస్తుంది. డాక్టరమ్మ బ్లేడుకు చుక్క పారఫిన్ నూనె రాసి, సన్నటి నెత్తుటి జీర కనిపించేదాకా గీకి, గాజుపలక మీద పరిచి నా కింద పెడుతుంది. చిన్న లెన్సు చాలు. గుండ్రటి ఒళ్ళూ పొట్టి కాళ్ళూ ఉంటే అది సార్కోప్టిస్. ఆడపురుగు చర్మంలో సొరంగం తవ్వుకుంటూ గుడ్లు పెడుతుంది, ఆ గుడ్డు పెద్దపురుగు కావడానికి సుమారు 3 వారాలు. పొడవాటి ఒళ్ళయితే డెమోడెక్స్. అది ఆరోగ్యంగా ఉన్న కుక్క వెంట్రుక కుదుళ్ళలోనూ కొద్దిగా ఉంటుంది, ఒంట్లో సత్తువ తగ్గితే గుంపులు కడుతుంది. పక్క కుక్కకు అంటేది మొదటిదే. ఆ కుక్కను ఎత్తుకున్న మనుషుల చేతులమీద కూడా ఎర్రటి పొక్కులు లేస్తాయి.

ఓ రోజు ఒక పెద్దాయన నాటుకుక్కను తాడుతో పట్టుకొచ్చాడు. చెవుల అంచులు బొచ్చు రాలి బెరడు కట్టాయి, మోచేతుల దగ్గర కొరికి కొరికి పచ్చిపుండు. ఎక్కడో సూది వేయించాడట, నాలుగు రోజులు తగ్గి మళ్ళీ రేగింది. పైన పాత ఇంజనాయిలు పూశాడు.

“ఆ సూదే ఇంకోటి వేసెయ్యండి డాక్టరమ్మా. రాత్రంతా దానికీ నిద్రలేదు, మాకూ లేదు.”

“సూదికి దురద అణుగుతుంది బాబాయ్, పురుగు అణగదు. ముందు చూడనివ్వండి.”

నాలుగుచోట్ల గీకింది. నాలుగు పలకల్లోనూ ఏమీ లేదు. సార్కోప్టిస్ విషయంలో ఇది మామూలే: ఒళ్ళంతా రేగినా పురుగులు కొద్దే, గీకినచోటే దొరకాలని లేదు. డాక్టరమ్మ నన్ను వదిలి కుక్క దగ్గరికి వెళ్ళింది. చెవి అంచును రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపింది. వెంటనే వెనకకాలు గాలిలో గీకడం మొదలెట్టింది. ఆ గుర్తు చాలు, మందు మొదలుపెట్టవచ్చు. ఫ్లూరలేనర్ బిళ్ళ రాసి, ఇంట్లో ఉన్న రెండో కుక్కకూ వెయ్యమంది. పశువులకిచ్చే ఐవర్‌మెక్టిన్‌ను అంచనామీద కుక్కకు పొడిపించవద్దనీ, కోలీ జాతుల్లోనైతే అది ప్రాణం తీయొచ్చనీ చెప్పింది. ఆయిలు నాకితే కడుపులోకి పోతుందని అప్పటికప్పుడు కడిగించింది. నా ఖాళీ పలకను నమ్మి ఆమె ఆ కుక్కను పంపేసి ఉంటే నాకు బాధగా ఉండేది.

పలక మీద నూనెచుక్క వేసి పెద్ద లెన్సుతో చూస్తే వేరే లోకం. వేరుశనగకాయలా నడుం నొక్కుకున్న మలసీజియా అనే ఈస్టు, గుత్తులుగా బాక్టీరియా. ఇవి చాలావరకు తర్వాత చేరినవే, అసలు కారణం వేరే ఉంటుంది. పాదాలు నాకి నాకి బొచ్చు గోధుమరంగుకు తిరిగి, పులిసిన వాసన వేసే కుక్కల్లో వీటిని ఎక్కువగా చూస్తాను. క్లోర్‌హెక్సిడిన్ షాంపూ రుద్ది వెంటనే కడిగేస్తే పనిచెయ్యదు, 10 నిమిషాలు ఉంచాలి.

అలర్జీ మాత్రం నాకు కనబడదు. తోక మొదట్లో, నడుం మీద కొరుక్కుంటుంటే డాక్టరమ్మ దువ్వెనతో దువ్వి, రాలిన నల్లపొడిని తడి తెల్లకాగితం మీద వేస్తుంది. ఎర్రగా కరిగితే అది ఫ్లీ మలం, అంటే తాగిన నెత్తురు. గుడ్లూ పిల్లలూ పరుపులో, నేల పగుళ్ళలో ఉంటాయి కనుక కుక్కకొక్కదానికే మందేస్తే తీరదు. తిండి అనుమానమైతే కుక్క ఎన్నడూ తినని మాంసంతో కనీసం 8 వారాల పథ్యం. మధ్యలో పిల్లలు ప్రేమకొద్దీ పెట్టే బిస్కెట్టు ముక్క ఆ వారాలన్నీ వృథా చేస్తుంది. దుమ్ము, పుప్పొడి పడని కుక్కలకు దురద సాధారణంగా 6 నెలలకూ 3 ఏళ్ళకూ మధ్య మొదలవుతుంది. అది పూర్తిగా పోదు. ఒక్లాసిటినిబ్ బిళ్ళలతో హాయిగా బతకనివ్వవచ్చు. మెడకు కట్టే ప్లాస్టిక్ గరాటా పుండును కాపాడుతుందే గానీ దురదను ముట్టుకోదు.

మీ కుక్కను తీసుకొచ్చే ముందు స్నానం చేయించకండి, నూనె పూయకండి. ఏం తింటోందో, దురద ఏ నెలలో మొదలైందో, ఇదివరకు ఏ సూది వేయించారో చెప్పండి. ఇంట్లో ఎవరికైనా పొక్కులుంటే దాచకండి. మిగతాది డాక్టరమ్మా నేనూ చూసుకుంటాం.